మేళము, మైకు, మేళవింపు

రేడియో వినువారిలో పలువురకు ఒక సందేహము కలుగుచుండును. ఒకనాటి ప్రసారములో పదిమంది కలిసి పాడి వాయించినను పాటలోని ప్రతి మాటయు తెలియును. గాయకుని వెనుక వీణ, దాని ప్రక్కన వేణువు, అడుగున మృదంగము వేటికవి నిలిచి వినబడును. మరియొకనాడు అంతే మంది, అట్టి విద్వాంసులే. కాని తాళముల మ్రోతలో సాహిత్యము కలిసిపోవును, తంబుర జాడయే యుండదు. పాడినవారిలో లోపము లేదు. ఇంటిలోని రేడియో మారలేదు. మరి ఈ భేదమెక్కడిది? దీనికి సమాధానము స్టూడియోలో మైకునకును వాద్యమునకును నడుమనున్న కొద్ది అడుగుల చోటులో కలదు. ఆ చోటును గురించియు, అక్కడ పట్టిన ధ్వనులను ఒకటిగా కూర్చు పనిని గురించియు కొంత ముచ్చటింతము. ఆ పనిని స్టూడియోవారు మిక్సింగు అందురు. మనము మేళవింపు అని చెప్పుకొందము.

సభలో ఎదుట కూర్చుండి వినువానికి రెండు చెవులు కలవు. వాటి వెనుక ఒక మనస్సు కలదు. గుడి మండపములో భజన సాగుచుండగా పిల్లలు అల్లరి చేసినను, ప్రక్కవారు గుసగుసలాడినను, మనకు కావలసిన గొంతును మాత్రమే మనస్సు ఏరుకొనును. మైకునకు ఇట్టి వివేకము లేదు. దానిపై బడిన గాలికదలిక నంతటిని అది తీగలోనికి పంపును. పాటయెంతయో, హార్మోనియము తిత్తి చప్పుడును అంతయే. సభలో వినువాని మనస్సు చేయు ఏరివేతను స్టూడియోలో మరియొకరు ముందుగనే చేసి పెట్టవలెను. మేళవింపు అనగా ఇదియే.

ఏరివేయకున్నచో నేమగునో తెలియుటకు నందికొండకు పోవుదము. నల్లగొండ జిల్లాలో కృష్ణ ఒడ్డున నున్న ఆ చోటనే 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. ఆ ఆనకట్టకు 26 గేట్లు కలవు. వరదరోజులలో గేట్లెత్తినపుడు సమీపమున నిలిచిన ఇద్దరు మాటలాడుకొనవలెనన్న అరవవలసివచ్చును. మాట గాలిలో ఆగిపోలేదు. చెవిని చేరుచునే యున్నది. కాని నీటి హోరులో మంద్రము మొదలు తారము వరకు అన్ని స్థాయిల ధ్వనులును కలసియుండుటచే అది మాటను కప్పివేయుచున్నది. ఒక ధ్వని మరియొక ధ్వనిని ఇట్లు కప్పుట శబ్దశాస్త్రములో ముఖ్యమైన సంగతి. మేళములో తాళములు గాయకుని హల్లులను కప్పుట, డోలకు వీణ మంద్రమును కప్పుట ఈ జాతివే. గేట్లు దించిన గాని మాట వినబడదు. మాటను పెంచుటకన్న హోరును తగ్గించుట మేలు. మేళవింపులో మొదటి పాఠమిది.

నందికొండయే మనకు రెండవ పాఠమును గూడ నేర్పును. ఆ ఆనకట్ట వెనుక మునిగిన లోయలో క్రీస్తుశకము మూడవ నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యుండెను. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున పురావస్తుశాఖవారు అక్కడ విస్తారముగ త్రవ్వకములు జరిపిరి. బయటపడిన కట్టడములలో నాలుగు దిక్కుల మెట్ల వరుసలు గల రంగస్థల మొకటి. అది నృత్యగీతములకో, మల్లయుద్ధములకో, రెంటికినో యని పండితులు పలువిధముల చెప్పుదురు. నీరు నిండకముందే దానిని తరలించి ఆవలి ఒడ్డున అనుపువద్ద మరల నిర్మించిరి. ఇట్టి మెట్ల కట్టడములో ధ్వని చక్కగ చేరుటకు కారణము గూఢమైనది కాదు. మెట్టు మెట్టుకు వరుస ఎత్తగుటచే ముందువారి తలలు ధ్వనికి అడ్డుపడవు. రాతిమెట్లు ధ్వనిని మ్రింగక తిరిగి పంపును. వాయించువాడు ఎంతటివాడైనను, వాని నాదములో సగము ఆ చోటు పాడినదే. రాళ్లను తరలింపవచ్చును గాని లోయను, దాని గాలిని తరలింపలేము. ఇక్ష్వాకుల నాటి మేళము అక్కడ ఎట్లు వినబడెనో చెప్పుటకు ఏ శాసనమును చాలదు. ఈ మాట మనసులో నుంచుకొందము. మరల దీనితో పని కలదు.

ఇప్పుడు స్టూడియోలోనికి వత్తము. గదిలో పుట్టిన ధ్వని గోడలను తాకి తిరిగి తిరిగి క్రమముగ అణగును. అది అరువది డెసిబెల్లులు తగ్గుటకు పట్టు కాలమును అనురణనకాల మందురు. పందొమ్మిదవ శతాబ్ది చివర హార్వర్డు విశ్వవిద్యాలయములో వాలెస్ సబీన్ అను ఆచార్యుడు దీనికి సూత్రము కనుగొనెను. గది ఘనపరిమాణమును మీటర్లలో కట్టి 0.161తో గుణించి, ధ్వనిని పీల్చు ఉపరితలముతో భాగించిన సెకండ్లు వచ్చును. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తుగల గది ఘనపరిమాణము 192 ఘనమీటర్లు. అందు అనురణనకాలము 0.6 సెకండు కావలెనన్న సుమారు 51 చదరపు మీటర్ల పీల్చుడు కావలెను. తివాచీలు, తెరలు, గోడలపై చిల్లుల పలకలు అందులకే. పదిమంది కళాకారులు వచ్చి కూర్చున్నచో వారి బట్టలును శరీరములును నాలుగైదు చదరపు మీటర్ల పని చేయును. కావుననే ఖాళీ గదిలో సరిచూచుకొన్న మైకు కొలతలు, మేళము వచ్చిన తరువాత మరల సరిచూడవలసివచ్చును. అనురణనము మరీ తక్కువైనచో పాట ఎండిన నేలవలె వినబడును. ఎక్కువైనచో ద్రుతకాలపు జతులు ఒకదానిపై నొకటి పడి గజిబిజి యగును.

గది సిద్ధమైనది. దక్షిణ తెలంగాణ పల్లెల నుండి కథాగానపు బృంద మొకటి వచ్చినదనుకొందము. ప్రధాన గాయకుడు, వంతపాడు ఇద్దరు, కిన్నెర, హార్మోనియము, డోలకు, తాళములు. వీరిని మేము ఎట్లు కూర్చుండబెట్టవలెను? పల్లెలో వారు కూర్చుండు తీరునే మొదట అడిగి తెలిసికొందుము. ఏలయన వారు ఒకరి కన్ను ఒకరు చూచుచు, ఒకరి శ్వాస ఒకరు వినుచు పాడువారు. డోలకువాడు గాయకుని పెదవులు చూచి ముక్తాయింపు వేయును. నడుమ తెరలు గట్టి వారిని విడదీసినచో ధ్వనులు శుభ్రముగ వచ్చును గాని మేళము విరుగును.

పూర్వము ఈ పనియంతయు ఒకటి రెండు మైకులతోనే జరిగెడిది. హైదరాబాదులో నిజాం రాష్ట్రపు దక్కన్ రేడియో 1935లో ప్రసారములు ప్రారంభించెను. 1950లో అది ఆకాశవాణిలో చేరెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసెను. ఆ దినములలో పెక్కు సంగీతకార్యక్రమములు పాడుచుండగనే ప్రసారమయ్యెడివి. తప్పు దొర్లిన దిద్దుట కవకాశము లేదు. మైకు ఒకటే యైనపుడు మేళవించు సాధనము దూరమొక్కటే. ధ్వని బయలునందు పయనించునపుడు దూరము రెట్టింపైనచో దాని తీవ్రత నాలుగవ వంతునకు పడును. అనగా 6 డెసిబెల్లులు తగ్గును. గాయకుని మైకునకు రెండడుగుల దూరమున నిలిపి, డోలకును ఎనిమిదడుగుల దూరమున కూర్చుండబెట్టినచో, ఆ దూరమువలననే డోలకు సుమారు 12 డెసిబెల్లులు అణగును. గదిలో గోడల ప్రతిధ్వని కలియుటచే లెక్క కొంత మారినను దారి యిదియే. అందుచే నాటి స్టూడియోలలో నేలపై సుద్దగీతలు గీచి, ఎవరెక్కడ కూర్చుండవలెనో నిర్ణయించుట పరిపాటి. 1952లో ఢిల్లీలో వాద్యవృందమును నెలకొల్పి పండిత రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ గార్ల నిర్వహణలో నడిపినపుడును, పలు వాద్యములను ఒక శ్రుతిలో నిలుపు బాధ్యత ఎంతయో, ఒక మైకులో ఇముడ్చు బాధ్యతయు అంతయే.

మైకులన్నియు ఒకే తీరున వినవు. కొన్ని చుట్టుప్రక్కల ధ్వనినంతటిని గ్రహించును. కొన్ని ఎదుటి ధ్వనిని గ్రహించి వెనుకటిదానిని విడచును. వీటి గ్రహణరేఖ హృదయాకారముగ నుండును. సన్నని లోహపు నాడా గల రిబ్బను మైకు ముందు వెనుకలను సమముగ వినును, ప్రక్కలను వినదు. ఈ చెవిటి ప్రక్కయే దాని గొప్ప సుగుణము. గాయకునికి ఎదురుగ దానిని నిలిపి, డోలకును సరిగ దాని ప్రక్కకు వచ్చునట్లు కూర్చుండబెట్టినచో, ఏ మీటయు త్రిప్పకయే డోలకు తగ్గిపోవును. మరియొక సంగతి: దిశను పాటించు మైకు గొంతునకు మరీ దగ్గరైనచో మంద్రస్వరములు పెరిగి, గాయకుడు కుండలో పాడినట్లు వినబడును. కావున దగ్గర కావలెనన్నను జానెడు దూరము పాటించుట మేలు.

నేడు వాద్యమున కొక మైకు చొప్పున పెట్టి, ఒక్కొక్కదానిని వేరు వేరు ట్రాకులపై నింపవచ్చును. ఇందు సౌకర్యముతోపాటు చిక్కును కలదు. కిన్నెర ముందు పెట్టిన మైకు కిన్నెరను మాత్రమే వినదు. ప్రక్కనున్న డోలకును గూడ కొంచెము ఆలస్యముగ వినును. ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 34 సెంటీమీటర్ల దూరపు భేదము ఒక మిల్లీసెకండు ఆలస్యమగును. ఒకే ధ్వని రెండు మైకులలో ఒక మిల్లీసెకండు తేడాతో చేరి, ఆ రెండును సమముగ కలసినపుడు, సెకండునకు 500, 1500, 2500 కంపనములు గల అంశములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును. డోలకు నాదము నడుమ నడుమ పళ్లూడిన దువ్వెనవలె నగును. బలమైన వాద్యము పలుచబడి, రేకుడబ్బాను మ్రోగించినట్లుండును. దీనికి విరుగుడు పాతకాలపు మూడింతల నియమము: మైకు తన వాద్యమునకు ఒక అడుగు దూరమున నున్నచో, రెండవ మైకు మొదటి మైకునకు మూడడుగులకు తక్కువ గాకుండ నుండవలెను. అప్పుడు పొరుగుధ్వని తొమ్మిది డెసిబెల్లులకు మించి తగ్గి, రద్దు అంతగా తెలియదు. కావున మైకులు పెంచుటకన్న తగ్గించి సరియైన చోట పెట్టుట ఉత్తమము. ఏడుగురి మేళమునకు నాలుగు మైకులు చాలినచో ఐదవది అనవసరము.

మేళమునంతటిని ఒక చిత్రముగ పట్టు పద్ధతి గూడ కలదు. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లూమ్లీన్ అను ఇంజనీరు రెండు మైకులతో ధ్వనిని కుడియెడమలుగ నమోదుచేయు విధానమునకు పేటెంటు కోరెను. రెండు రిబ్బను మైకులను ఒకే చోట ఒకదానిపై నొకటి, తొంబది డిగ్రీల కోణమున నిలుపుట అందలి పద్ధతులలో ముఖ్యమైనది. రెండును ఒకే చోట నుండుటచే ధ్వని రెంటిని ఒకేసారి చేరును; ఆలస్యము లేదు గనుక రద్దు లేదు. ఈ జంటను మేళము ఎదుట నిలిపి, గాయకునికిని కిన్నెరకును మాత్రము ఒక్కొక్క సహాయపు మైకు పెట్టినచో పనియంతయు తేలికపడును. స్టీరియోలో కలిపినదానిని తప్పక ఒకే ధారగ మార్చి గూడ విని చూడవలెను. ఏలయన మీడియంవేవ్ ప్రసారము ఒకే ధారలో వచ్చును. ఇండ్లలోని పెక్కు రేడియోలకు స్పీకరును ఒకటే.

ఇక మేళవించు బల్లయొద్ద పని. ఫేడర్లు అనబడు జారుడు మీటలు వరుసగ నుండును. కొత్తవారు సాధారణముగ డోలకుతో ప్రారంభించి, దానికి తగినట్లు తక్కినవి పెంచుకొనుచు పోయి, తుదకు పాటకు చోటు చాలక ఇబ్బందిపడుదురు. కథాగానమునకు ప్రాణము మాట. కావున ముందు గాయకుని నిలిపి, ఆపైన కిన్నెరను, పిమ్మట వంతను, తరువాత డోలకును, చివర తాళములను తెచ్చుట మేలు. మన మాటలోని హల్లుల స్పష్టత సెకండునకు రెండువేల నుండి నాలుగువేల కంపనముల ప్రాంతమున ఎక్కువగ నుండును. తాళముల తళుకును ఆ మీదుగనే పోవును. అందుచే తాళముల మైకును ప్రత్యేకముగ పెట్టకపోవుటయే తరచు సరియైన నిర్ణయము. గాయకుని మైకులోనికి చేరునదియే వాటికి చాలును.

హార్మోనియమును కిన్నెరయు ఇంచుమించు ఒకే స్థాయిలో పలుకును. హార్మోనియము విడువక మ్రోగును. కిన్నెర మీటినంతనే పలికి అణగును. రెంటిని సమముగ నిలిపినచో కిన్నెర వినబడనే వినబడదు. కిన్నెరను పెంచిన గది చప్పుడు పెరుగును. అందుచే హార్మోనియము మధ్యస్వరములను రెండు మూడు డెసిబెల్లులు తగ్గింతుము. ఇది గేట్లు దించుట వంటిది. హార్మోనియమును గురించి ఆకాశవాణిలో ఒక చరిత్రయే కలదు. మీటల నడుమనున్న సూక్ష్మస్వరములను పలుకజాలదను ఆక్షేపణతో 1940లో దానిని ప్రసారములనుండి తొలగించిరి. 1971లో ఆ నియమమును సడలించిరి. ఆ వాదములో ఎవరి పక్షము సరియైనను, ఒక వాద్యము మరియొకదాని సూక్ష్మతను కప్పగలదను భయము నిరాధారము కాదు.

కలిపినదానిని స్టూడియోలోని పెద్ద స్పీకర్లపై విని తృప్తిపడరాదు. చిన్న రేడియో స్పీకరు సెకండునకు నూటయేబది కంపనములకు లోబడిన ధ్వనులను సరిగ పలుకదు. స్టూడియోలో గదిని కదిలించిన డోలకు ఎడమతల ఇంటిలో వినబడకపోవచ్చును. ఆ వాద్యము చెవికి గుర్తు తెలియునది దాని పై అంశములచేతనే. ఎఫ్.ఎం. ప్రసారములో పదునైదువేల కంపనముల వరకు చేరునుగాని మీడియంవేవ్‌లో అందు సగమును చేరదు. కావున ప్రతి స్టూడియోలోను చిన్న స్పీకరొకటి యుంచి, దానిపై తక్కువ ధ్వనితో విని, మాట తెలియుచున్నదా, తాళము గుచ్చుచున్నదా యని చూచుట పాత ఆచారము. అది నేటికిని మంచి ఆచారము.

ఇంతవరకు చెప్పినది ఎట్లు చేయుటను గురించి. ఎందులకు ఇంత జాగ్రత్త యన్నది చెప్పవలసియున్నది. పాలమూరు ప్రాంతమున పండుగ సాయన్న వంటి వీరుల కథలను కిన్నెర మీటుచు పాడు సంప్రదాయము కలదు. వెదురుకర్ర, సొరబుర్రలు, లోహపు తీగలు, మెట్లు. ఇంతే ఆ వాద్యము. 12 మెట్ల కిన్నెరను వాయించు దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. పురస్కారము వచ్చినను ఆ వాద్యమును చేపట్టినవారు మిక్కిలి కొద్దిమంది. ఇట్టి వాద్యము స్టూడియోకు వచ్చినపుడు మేళవించువాని చేతిలో నున్నది ఒక కార్యక్రమము మాత్రమే కాదు. డోలకును పెంచి, అనురణనము దట్టించి, కిన్నెరను పేరునకు వెనుక నిలిపినచో, ఏబది యేండ్ల తరువాత ఆ ట్రాకు వినువాడు కిన్నెరయనగా చప్పుడులో చప్పుడనియే తలచును. దానిని దిద్దుటకు అప్పుడు వాయించువాడు మిగిలియుండకపోవచ్చును. విజయపురి రంగస్థలము మెట్లు మనకు దక్కినవి, అచట వినబడిన నాదము దక్కలేదు. ఆ కాలమువారికి నాదమును పట్టు సాధనము లేదు. మనకు కలదు. కలిగియుండియు తప్పుగ పట్టినచో ఆ నష్టము మన చేతినుండి వచ్చినదే యగును.

అందుచే మూడు కట్టుబాట్లు అవసరమని తలంతుము. ఒకటి: కలిసి పాడువారిని కలిసియే నమోదుచేయవలెను. ఒక్కొక్కరిని వేరువేరు దినముల పిలిచి ట్రాకులు పేర్చుట సులభమేగాని, గాయకుడు ఊపిరి పీల్చినపుడు డోలకు ఆగు ఆ అరక్షణము అందు దొరకదు. రెండు: కలిపిన పాటతోపాటు విడి ట్రాకులను మార్చకుండ భద్రపరుపవలెను. మన మేళవింపు తప్పని రేపటివారు తలచినచో మరల కలుపుకొందురు. మూడు: మొదటి ప్రతిని కళాకారులకు వినిపింపవలెను. మీటలు మాకు తెలియును. కిన్నెర ఎంత వినబడవలెనో వారికి తెలియును. గాయకుడు తల యూపిన పిమ్మటనే పని పూర్తియైనట్లు.

శ్రోతలకును ఇందు కొంత పని కలదు. రేడియోను గోడమూలకు నెట్టినచో మంద్రధ్వనులు ఉబ్బి మాట మసకబడును. జానెడు ముందుకు జరిపి చూడుడు. మంద్రమును పెంచు మీటయున్నచో కథాగానమునకును, హరికథకును దానిని తగ్గించుడు. పిదప ఒక పాటను మూడుమార్లు వినుడు: మొదటిసారి మాటను, రెండవసారి తాళమును, మూడవసారి అన్నిటికన్న సన్నగ వినబడు వాద్యమును. ఆ సన్నని వాద్యము తన చోట తాను నిలిచియున్నచో, ఆనాడు స్టూడియోలో ఎవరో గేట్లు సరిగ దించినారని తెలిసికొనవచ్చును.